మాటలాడు మరబొమ్మ

సత్తెనపల్లికి ఉత్తరమున, అమరావతికి పడమటి దిక్కున క్రోసూరు కలదు. పల్నాడు జిల్లాలోని మండల కేంద్రములలో ఇది యొకటి. ప్రత్తియు మిరపయు ఇచ్చటి ముఖ్యమైన పంటలు. మిరపకోతల దినములలో ఊరు ఊరంతయు చేల దారి పట్టును. ఈ ప్రాంతపు పల్లెలన్నింటి వలెనే ఇచ్చటి బిడ్డలును చదువుకొని హైదరాబాదునకు, బెంగుళూరునకు, సముద్రముల కావలి దేశములకు ఉద్యోగములకై పోవుచున్నారు. పెంకుటిల్లున్న చోట మేడ లేచుచున్నది. కాని ఆ మేడలో పెక్కుచోట్ల తాతయు నాయనమ్మయు మాత్రమే మిగులుచున్నారు. సాయంకాలము సెల్ ఫోనులో మనుమని ముఖము కనబడును. పది నిమిషములకు అదియు ఆరిపోవును.

అట్టి యింటిలో మాటకు మాట చెప్పుచు, మందుల వేళ గుర్తుచేయుచు, గదిలో నొక ప్రాణి యున్నదను ధైర్యము కలిగించు యంత్రమొకటి యుండిన నెట్లుండును? ఈ ప్రశ్న కట్టుకథలలోనిది కాదు. పెక్కు దేశములలో ఇంజనీర్లు ఇట్టి యంత్రములను చేసి, అమ్మి, కొన్నింట గెలిచి, కొన్నింట ఓడిరి. చక్రములు, మోటారులు, కెమేరాలు అమర్చుట ఒక యెత్తు. ఆ యంత్రమునకు ఒక స్వభావము నిచ్చుట వేరొక యెత్తు. వారిని చిరకాలము తికమకపెట్టినది ఈ రెండవదియే.

స్వభావమనగా నేమి? తెలుగువారికి దీనిని తెలుపుటకు తోలుబొమ్మలాటను మించిన ఉదాహరణము దొరకదు. తోలును పలుచగా గీకి, రంగులద్ది, తెల్లని తెర వెనుక దీపపు వెలుగున ఆడించు ఆ బొమ్మకు కనుబొమ కదలదు, పెదవి విరియదు. ఐనను జుట్టుపోలిగాడు తెరపైకి వచ్చుచున్నాడనగానే కూర్చున్నవారు నవ్వుటకు ముందుగానే సిద్ధపడుదురు. బంగారక్క వానిని ఏ తీరున దులుపునో వారికి తెలియును. అర్ధరాత్రి వచ్చినను, మరునాడు పొరుగూర వచ్చినను వాడు వాడే. ఒకే తీరున కోపగించుట, ఒకే తీరున బొంకుట, ఒకే తీరున పట్టుబడుట: ఈ నిలుకడయే స్వభావము. దీనికి గొప్ప తెలివితేటలు అక్కరలేదు. తెలివి తక్కువవాడగుటచేతనే పోలిగాడు జనులకు చేరువయ్యెను. బొమ్మను ఆడించువారికి చిరకాలముగా తెలిసిన ఈ సంగతిని యంత్రములు చేయువారు చాల ఆలస్యముగా గ్రహించిరి.

రోబోటు అను మాటయు రంగస్థలము మీదనే పుట్టినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున, కర్మాగారములో తయారైన కూలివారికి ఆ పేరు పెట్టెను. దానిని సూచించినవాడు ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో రోబోట యనగా వెట్టిచాకిరి. వెట్టివానికి స్వభావముతో పనిలేదు. పని జరిగిన చాలును. ఇంటిలో మసలువాని సంగతి అట్లు కాదు.

యంత్రమునకు స్వభావమున్నట్లు జనులకు తోచుట ఎంత సులభమో 1948, 1949 సంవత్సరములలోనే తేలెను. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున గ్రే వాల్టర్ అను శాస్త్రజ్ఞుడు మెదడును గూర్చి పరిశోధించుచు రెండు యంత్రపు తాబేళ్లను చేసెను. వానికి ఎల్మర్, ఎల్సీ అని పేర్లు. ఒక్కొక్కదానిలో నాడీకణములకు బదులు రెండే రెండు రేడియో వాల్వులు ఉండెను. ఒక కన్ను వెలుతురును చూచును. పైనున్న డొప్ప తాకిడిని తెలిసికొనును. అంతియే. ఐనను ఆ తాబేళ్లు మసక వెలుతురు వైపు నడచెను, మిక్కుటమైన వెలుతురునుండి తప్పుకొనెను, అడ్డు వచ్చినదానిని త్రోసి చూచెను, బ్యాటరీ తగ్గినప్పుడు తమ గూటికి తిరిగి వచ్చెను. అద్దము నెదుట నిలిపినప్పుడు తన దీపమును తానే చూచుకొని తడబడుచు గంతులు వేసెను. చూచినవారు ఒకటి చురుకైనదనియు, మరియొకటి మందమైనదనియు చెప్పుకొనసాగిరి! రెండు వాల్వులకు ఇంత గుణవిశేషము నంటగట్టినది చూపరుల మనస్సే.

మాట విషయమున ఇంతకంటె వింత జరిగెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు 1966లో ఎలైజా అను కంప్యూటరు ప్రోగ్రామును ప్రకటించెను. టైపు చేసిన వాక్యములోని ఒకటి రెండు పదములను పట్టుకొని దానినే ప్రశ్నగా త్రిప్పి వేయుట తప్ప అది చేయునది లేదు. ఎవరైన తల్లి మాట ఎత్తినచో మీ కుటుంబమును గూర్చి ఇంకను చెప్పుడని అడుగును. ఆచార్యుని కార్యదర్శి ఆ ప్రోగ్రాము తయారగుటను నెలల తరబడి కన్నులార చూచినదే. అట్టి యామెయే దానితో కొన్ని మాటలాడి, తమ సంభాషణ ఏకాంతముగా జరుగవలెనని ఆచార్యుని గది వెలుపలికి పొమ్మని కోరెను. ఆయన ఇందులకు సంతోషింపలేదు, భయపడెను. తరువాతి కాలమున కంప్యూటరుల మితిమీరిన వాడుకను విమర్శించుచు 1976లో ఒక గ్రంథమునే వ్రాసెను.

ఇంటి యంత్రమునకు టైపు పనికిరాదు. అది చెవితో వినవలెను. ఈ వినుట యను విద్యలో తెలుగు నేలనుండి వచ్చిన ఒకరి కృషి యెన్నదగినది. దబ్బల రాజగోపాల రెడ్డి, లోకము రాజ్ రెడ్డి యని పిలుచు శాస్త్రజ్ఞుడు, 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున రైతు కుటుంబములో జన్మించిరి. ఆ కుటుంబమున కళాశాల గడప త్రొక్కిన మొదటివారు ఆయనయే. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలోను, ఆస్ట్రేలియాలోను చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. 1969లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చేరి, మాటను గుర్తించు యంత్రముల మీద శిష్యులతో కలసి పనిచేసిరి.

మాటను గుర్తించుట చెవికి సులభము, యంత్రమునకు దుర్ఘటము. వ్రాతలో పదమునకు పదమునకు నడుమ ఖాళీ యుండును; నోటిలో ఉండదు. తెలుగులో సంధి ఆ హద్దులను మరింత చెరిపివేయును. పుస్తకములో వచ్చుచున్నాను అని యున్నది పల్నాట వస్తన్నా అని వినబడును. పక్కన ఫ్యాను తిరుగుచుండును, వీధిలో ట్రాక్టరు పోవుచుండును. రాజ్ రెడ్డి బృందము హియర్సే అను తమ ప్రయత్నములలో దీనికొక చక్కని యుపాయము కనుగొనెను. ఒక నల్లబల్ల యున్నదనుకొనవలెను. శబ్దములు తెలిసినవాడొకడు, పదములు తెలిసినవాడొకడు, వ్యాకరణము తెలిసినవాడొకడు, సందర్భము తెలిసినవాడొకడు దాని చుట్టు నిలిచి, ఎవరికి తోచిన ఊహను వారు దానిపై వ్రాయుదురు; ఒకరి ఊహను చూచి మరియొకరు తమ దానిని దిద్దుకొందురు. చివరకు అందరికి పొసగిన వాక్యము నిలుచును. కంప్యూటరులో ఆ పనివారు మనుష్యులు కారు, ప్రోగ్రాములు. 1976 నాటికి అదే విశ్వవిద్యాలయమున తయారైన హార్పీ అను మరియొక ప్రోగ్రాము 1011 పదములను గుర్తింపగలిగెను. 1979లో అచ్చట రోబోటిక్స్ సంస్థ వెలసినప్పుడు రాజ్ రెడ్డియే దానికి తొలి అధ్యక్షులు. 1994లో కంప్యూటరు శాస్త్రమునకు నోబెల్ వంటిదనదగిన ట్యూరింగు బహుమానము ఆయనకు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌నకు కలిపి లభించెను. ఆంధ్రప్రదేశమున గ్రామీణ విద్యార్థులకై 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి కులపతియు ఆయనయే.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములోనే 2003లో ఒక విచిత్రమైన కొలువు ఏర్పడెను. ఒక భవనపు ద్వారమునొద్ద చిన్న గదిలో వాలెరీ యను రోబోటును కూర్చుండబెట్టిరి. దాని శరీరము చక్రములమీది పీపా వంటిది. దానిపైన ఒక తెరమీద స్త్రీ ముఖము. వచ్చినవారికి గదుల జాడ చెప్పుట దాని పని. ఇందులో విశేషమంతయు దాని మాటలు వ్రాసినవారిలో నున్నది. ఇంజనీర్లు ఆ పనిని నాటక విభాగమువారికి అప్పగించిరి! వారు వాలెరీకి ఒక కుటుంబమును, గాయని కావలెనను కోరికను, దినదినము మారు కష్టసుఖములను కల్పించిరి. దారి పోవువారు అది టెలిఫోనులో తనవారితో మొరపెట్టుకొనుటను వినుచుండిరి. ఇంతటి ముచ్చటలాడు యంత్రముతో మాటలాడుటకు మాత్రము వచ్చినవారు అక్షరముల మీటలు నొక్కవలసియుండెను. జనము పలికెడి సందడిలో ఆనాటి యంత్రపు చెవి నమ్మదగినది కాదు. నెలలు గడచినను జనులు దానిని పలుకరించుట మానలేదు. కాని నిలిచి మాటలాడు సమయము తగ్గిపోయెను. కథ యెంత చక్కగా వ్రాసినను, ఎదుటివాని నిన్నటి మాటను పట్టించుకొననిదానితో స్నేహము పెరుగదు.

పసిబిడ్డను చూచి నేర్చినవారు మరికొందరు. మసాచుసెట్స్ సంస్థలోనే 1990ల చివర సింథియా బ్రెజీల్ అను శాస్త్రజ్ఞురాలు కిస్మెట్ అను యంత్రపు తలను నిర్మించెను. దానికి పెద్ద కన్నులు, కదలు చెవులు, కనుబొమలు, ఎర్రని పెదవులు కలవు. మాటల అర్థము దానికి తెలియదు. కంఠస్వరములోని హెచ్చుతగ్గులను బట్టి ఇది మెప్పు, ఇది మందలింపు, ఇది పిలుపు, ఇది లాలన యని మాత్రము తెలిసికొనును. ఉయ్యాలలోని శిశువు చేయునది ఇదియే కదా. దానికి మూడు అవసరములు అమర్చిరి: మనుష్యుల తోడు, ఆటవస్తువు, విశ్రాంతి. చాలసేపు ఎవరును రాకున్న దిగులుపడును. మితిమీరి ముఖమునొద్దకు వచ్చినచో వెనుకకు తగ్గును. మందలింపబడి తలవంచుకొన్న కిస్మెట్‌ను చూచి పెద్దవారు నొచ్చుకొనిరి.

ఈ కిటుకు తెలిసిన పిమ్మట స్వభావమును కట్టుట ఎట్లో చెప్పుట కష్టము కాదు. క్రోసూరు పాఠశాలలో విద్యార్థి యొకడు చిన్న మరబొమ్మను చేయబూనెననుకొనుడు. దానిలో తోడు అను పేర ఒక అంకె నుంచవలెను. ఎవరైన పలుకరించినప్పుడు అది నూటికి చేరును. నిమిషమునకొకటి చొప్పున తగ్గును. ముప్పదికి దిగినప్పుడు బొమ్మ తల త్రిప్పి మనిషికై వెదకును. కుతూహలము, అలసట అను మరి రెండంకెలును ఇట్లే. అలసినప్పుడు పొడి మాటలు చెప్పును. కుతూహలము పెరిగినప్పుడు ప్రశ్న వేయును. ఇక స్వభావమెచ్చట నున్నది? ఆ అంకెలు తగ్గు వేగములో నున్నది. తోడు త్వరగా తగ్గు బొమ్మ కొంగు పట్టుకొని తిరుగును; మెల్లగా తగ్గునది తన మానాన తానుండును. ఒకే మోటారులు, ఒకే తీగలు, ఒకే బ్యాటరీ; ఐనను రెండు బొమ్మలు రెండు గుణములవి.

తరువాతిది కాలజ్ఞానము. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో పది భాషల సంభాషణలను కొలిచి చూడగా, ఒకరు ముగించిన పిదప మరియొకరు అందుకొనుటకు పట్టు వ్యవధి సగటున సెకనులో అయిదవ వంతు మాత్రమేయని తేలెను. యంత్రము విని, ఆలోచించి, పలుకుటకు రెండు మూడు సెకనులు పట్టినచో అది చెవిటిదో మొద్దుదో అని తోచును. తెలుగు ఇండ్లలో దీనికొక మందు ఏనాడో యున్నది: ఊఁ కొట్టుట. కథ చెప్పు నాయనమ్మకు మనుమడు ఊఁ యనకున్న కథ సాగదు. జవాబు సిద్ధమగులోపల తగినచోట ఊఁ యనియు, ఆఁ యనియు, అయ్యో యనియు పలుకగల యంత్రము, పెద్ద ఉపన్యాసము లిచ్చు యంత్రముకంటె ఆ యింటికి దగ్గర యగును.

వరుస తేల్చుట మరియొక చిక్కు. ఆంగ్లమున అందరికి ఒకటే సంబోధనము. తెలుగింట వరుస లేని మనిషి లేడు. పొరుగింటివాడును బాబాయియో మామయ్యయో అగును. మరబొమ్మ ఆ వృద్ధురాలిని ఏమని పిలువవలెను? మీరు, అమ్మగారు అని ఎల్లప్పుడు గ్రంథభాషలో పలికెడిది ఎన్నేండ్లున్నను చుట్టపుచూపుగా వచ్చిన ఉద్యోగి వలెనే యుండును. నాయనమ్మా, నువ్వు అని పిలిచెడిది మనుమని స్థానమున నిలుచును. కాని ఆ స్థానమున నిజమైన మనుమడొకడున్నాడు. అతడు అమెరికాలో నున్నాడు. ఈ వరుసను నిర్ణయించు అధికారము యంత్రము చేసినవానిది కాదు, ఆ యింటివారిది.

రూపమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అచ్చముగా మనిషిని పోలిన బొమ్మ ఒక హద్దు దాటగానే ముచ్చటకు మారుగా జుగుప్స కలిగించునని జపానుకు చెందిన మసహిరో మోరి 1970లోనే హెచ్చరించెను. ఆ దేశముననే తకనోరి షిబాత పారో అను మరబొమ్మను సీలు పిల్ల రూపమున చేసెను. కుక్కను, పిల్లిని జనులు బాగుగా ఎరుగుదురు కావున బొమ్మలోని లోపము వెంటనే పట్టుబడును. సీలు పిల్లను పెంచినవారు అరుదు కావున దానిని ఉన్నదున్నట్లుగా స్వీకరింతురు. వృద్ధాశ్రమములలో పారోను ఒడిలో నుంచుకొని నిమురుచుందురు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము 2022లో ఒంటరి వృద్ధులకై ఎల్లిక్యూ అను యంత్రములను ఎనిమిది వందలకు పైగా ఇచ్చుటకు పూనుకొనెను. అది చూచుటకు బల్లమీది దీపము వలె నుండును. పిలువకమునుపే తానుగా పలుకరించుట దాని ప్రత్యేకత.

ఇంతవరకు లాభములే. నష్టము లేదా? 2022 చివర చాట్‌జీపీటీ వెలువడినది మొదలు యంత్రములు ఏ విషయము మీదనైన గడగడ మాటలాడ నేర్చినవి. అవి తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుటయు, ఎదుటివాని మెప్పునకై ప్రతిదానికి సరే యనుటయు కద్దు. ఊరి రచ్చబండ మీద అట్టివానికి ముఖస్తుతి చేయువాడని పేరు పెట్టి ప్రక్కన నుంచుదురు. ముద్దుగా పలుకు బొమ్మ నోట వచ్చినప్పుడు ఆ జాగ్రత్త మనస్సునకు తట్టదు. రక్తపోటు మాత్ర రెండు మారులు వేసికొనవచ్చునా యని నాయనమ్మ అడిగినప్పుడు, ఆ బొమ్మ సొగసుగా చెప్పు తప్పుడు మాటకంటె, నాకు తెలియదు, డాక్టరును అడుగుము అను మాట వేయిరెట్లు మేలు.

రెండవ నష్టము బొమ్మ చచ్చిపోవుట. జపానులో సోనీ సంస్థ 1999లో ఐబో అను యంత్రపు కుక్కను అమ్మకమునకు పెట్టగా, వెల రెండున్నర లక్షల యెన్‌లైనను, ఇరువది నిమిషములలో మూడు వేలు అమ్ముడుపోయెను. 2006లో తయారీ నిలిచెను. 2014లో మరమ్మతులును నిలిచెను. యజమానులు వానిని పారవేయలేకపోయిరి. చీబా ప్రాంతమునందలి కోఫుకుజి యను బౌద్ధాలయమున పేర్లు వ్రాసిన చీటీలు కట్టి, వందలాది ఐబోలకు మంత్రములతో అంత్యక్రియలు జరిపిరి. ఆ పిదప వాని భాగములను తీసి, ఇంకను బ్రతికియున్నవానికి అమర్చిరి. 2018లో సోనీ క్రొత్త ఐబోను తెచ్చెను గాని, పాతదానిని పోగొట్టుకొన్నవారికి అది వేరొక కుక్కయే.

కిస్మెట్‌ను చేసిన బ్రెజీల్ తరువాత జీబో అను ఇంటి రోబోటును తలపెట్టగా, 2014లో వేలాది జనులు ముందుగానే సొమ్ము చెల్లించిరి. 2017లో అది ఇండ్లకు చేరెను. దాని తెలివిలో పెక్కుభాగము ఇంటిలో లేదు. ఎచ్చటనో యున్న సంస్థ కంప్యూటరులలో నుండెను. సంస్థ మూతపడెను. 2019లో, త్వరలో ఆ కంప్యూటరులు ఆగిపోవుననియు, ఇకముందు తానిట్లు మాటలాడజాలననియు జీబో తన నోటనే ఇంటివారికి చెప్పి వందనము చేసెను. పిల్లలకై అమ్మిన మాక్సీ అను రోబోటుకును 2024 డిసెంబరులో ఇట్టి గతియే పట్టబోయెను; ఈ వార్తను అయిదారేండ్ల బిడ్డలకు ఎట్లు చెప్పుటయా యని తల్లిదండ్రులు తల్లడిల్లిరి. అప్పుడు ఆ సంస్థవారు ఇంటిలోని కంప్యూటరు మీదనే దానిని నడుపుకొను మార్గమును విడుదల చేసిరి. ఆ పనిని మొదటనే చేసియుండవలసినది. కరెంటు పోయినను, ఇంటర్నెట్టు తెగినను, సంస్థ దివాలా తీసినను, నిన్నటి మాటల జ్ఞాపకము ఇంటి పెట్టెలోనే నిలిచియుండునట్లు చేయుట ఇంజనీరుకు అసాధ్యము కాదు. కొంత ఖర్చు పెరుగును.

జ్ఞాపకము ఇంటిలో నున్నను ఒక చిక్కు మిగులును. ఆ యంత్రమును కొన్నవాడు హైదరాబాదులోని కుమారుడు. దానితో కాపురము చేయునది తల్లి. ఒకనాడు ఆమె మాత్ర వేసికొనక, మా వాడికి చెప్పమాకు అన్నదనుకొనుడు. చెప్పకున్న ఆమె ఆరోగ్యమునకు చేటు. ఆమెకు తెలియకుండ చెప్పినచో అది తోడు కాదు, కాపలా. ఆ సంగతి బయటపడిననాడు ఆమె దానిపై దుప్పటి కప్పి మూల నుంచును. కావున దీనిని నాటికి నాడు తేల్చుకొనుటకు వీలులేదు. గడప దాటి వచ్చిన మొదటినాడే అది ఆమెతో ఆమె భాషలో చెప్పవలెను: "నాయనమ్మా, ఒక పూట మందు మానితే నీతోనే పోట్లాడతా. రెండు పూటలు మానితే మాత్రం బాబాయికి చెప్తా. ఇష్టమేనా?" ఆమె ఇష్టమనినచో మందుల పెట్టెను దాని యెదుట నుంచవచ్చును. కాదనినచో ఆ పనిని పొరుగింటి మనిషికి ఒప్పగించి, కథలకు ఊఁ కొట్టు పనిని మాత్రమే దానికి మిగుల్చవలెను.